మాస్టారి ఎడమ చెప్పు

మాస్టారు పోయారన్న కబురు నాకు బోటు మీద తెలిసింది. పొద్దున్న రెండో ట్రిప్పు. బోటు బాంబూఫ్లాట్ జెట్టీకి ఆనుతోంది. నేను ముందు నిలబడి తాడు విసరబోతున్నాను. జెట్టీ మీద చేపల తట్టతో ఉన్న మా పెద్దమ్మ కూతురు అక్కణ్ణుంచే కేకేసింది.

"ఒరే తమ్ముడూ, మాస్టారు ఎల్లిపోనార్రా!"

మామూలుగా అయితే "ఏ బోటుకి?" అని అడిగేవాణ్ణి. నా నోరు అలాంటిది. ఆవిడ మొహం చూశాను. తాడు దిమ్మకు పడకుండా నీళ్లలో పడింది. ఇన్నేళ్ల లస్కరు ఉద్యోగంలో నా తాడు గురి తప్పడం అదే మొదలు. బోటు నడిపే సారంగు పైనుంచి తిట్టిన తిట్లు ఇక్కడ రాస్తే పత్రిక ఆగిపోతుంది.

అందరికీ ముందు ఏడుపు వస్తుంది. నాకు ముందు భయం వేసింది. మాస్టారికీ నాకూ మధ్య ఒక చెప్పు సంగతి ఉంది. అది తెలిసినవాళ్లం ఇద్దరమే. ఇప్పుడు నేనొక్కణ్ణే మిగిలాను.

మన తెలుగు సంఘం పత్రికకు నాలుగు మాటలు రాయమని కుర్రాళ్లు వస్తే తప్పించుకోవాలని చూశాను. "టెన్త్ రెండుసార్లు తప్పినోణ్ణి, నాకేటి రాయడం?" అన్నాను. "మాస్టారు నిన్ను తిట్టినన్ని తిట్లు ఇంకెవర్నీ తిట్టలేదు భయ్యా, నువ్వే రాయాలి" అన్నారు. అదీ నా అర్హత.

ఆయన మాకు సోషల్ చెప్పేవారు. సోంపేట అవతల ఏదో ఊరు. మూడేళ్లు చేసి వెళ్లిపోతానని ఓడెక్కి వచ్చి, ఇక్కడే రిటైరై, ఇక్కడే పోయారు. చొక్కా జేబులో ఎప్పుడూ చాక్‌పీసు ముక్కలు; ఉతికిన చొక్కాకి కూడా ఆ జేబు దగ్గర తెల్లటి మరక. కాళ్లకు టైరు చెప్పులు. ఎడమదాని పట్టీ తెగితే చెప్పులు కుట్టే మోచీ దగ్గరికి వెళ్లకుండా, బోటువాళ్ల నీలం నైలాన్ తాడుతో తనే కుట్టుకున్నారు. ఆ నీలం తాడు చెప్పు తెలియని మనిషి ఈ రేవులో లేడు.

ఎందుకంటే ఫీనిక్స్ బే టికెట్ కౌంటరు దగ్గర మనుషులు నిలబడరు, చెప్పులు నిలబడతాయి. దీవుల్లో పుట్టినవాళ్లకు ఇది చెప్పక్కర్లేదు. మెయిన్‌ల్యాండ్ నుంచి కొత్తగా వచ్చినవాళ్ల కోసం చెబుతున్నాను. కౌంటరు తెరిచేది తొమ్మిదింటికి, మనం చేరేది తెల్లారగానే. లైన్లో మన చెప్పు ఒకటి వదిలేసి పక్కన కూర్చుంటాం. దానికి కాపలా ఉండదు. అయినా ఎవరూ ముట్టుకోరు. నెలాఖరుకు ఒకసారి ఆ లైన్లో రెండు చెప్పులు ఒకదాని వెనక ఒకటి ఉండేవి: ముందు మాస్టారి నీలం తాడు చెప్పు, వెనక దాదా రబ్బరు చెప్పు. దాదా అంటే మా ఊళ్లో పడవలు చేసే బెంగాలీ మిస్త్రీ. దాదా కూతురూ, మాస్టారి చెల్లెలూ బోటెక్కి వెళ్లాల్సిన రంగత్‌లో ఉండేవారు. ఇద్దరూ ఒక గట్టు మీద కూర్చుని ఒక గ్లాసు టీని రెండు చేసుకుని తాగేవారు. మాస్టారికి బెంగాలీ రాదు, దాదాకి తెలుగు రాదు. ఇద్దరి హిందీ వింటే హిందీవాళ్లు పారిపోతారు.

పదహారేళ్లప్పుడు ఆ లైన్లో చెప్పులు తారుమారు చేయడం నా పండగ. మొదటి చెప్పు ఆఖరికి, ఆఖరిది మొదటికి. ఆ తర్వాత జరిగే కొట్లాట చూడాలంటే టికెట్ అక్కర్లేదు. ఒకరోజు మాస్టారు నా చెవి పట్టుకున్నారు. కొట్టలేదు. "చెప్పు జరిపితే మనిషిని జరిపినట్టేరా. చూడనప్పుడు జరిపితే గెంటినట్టు" అన్నారు. చెవి నొప్పి సాయంత్రానికి పోయింది. మాట మాత్రం ఉండిపోయింది. ఉండి ఏం లాభం, చేసే పని చేశాను.

ఆయన చెప్పిన పాఠాల్లో నాకు గుర్తున్నది ఒకటే. టెక్సాస్. పుస్తకంలో రెండు లైన్లు ఉండేవేమో, ఆయన రెండు పీరియడ్లు చెప్పారు. పక్క దేశంతో తెగతెంపులు చేసుకుని అది కొంతకాలం తనంతట తనే రిపబ్లిక్కుగా ఉందట. ఆపైన అమెరికా తలుపు కొట్టి, మమ్మల్ని కలుపుకోండి అందట. లోపలివాళ్లలో సగంమంది మనుషుల్ని కొని అమ్మేవాళ్లు, సగంమంది వద్దనేవాళ్లు. కొత్త రాష్ట్రం వస్తే తూకం అటు ఒరిగిపోతుందని ఏళ్లకేళ్లు గుమ్మంలో నిలబెట్టారట. వీళ్లు తీసుకోకపోతే ఇంగ్లాండుతో స్నేహం చేస్తామని అదీ బెదిరించిందట.

"కలిశాక ఏమైంది మాస్టారూ?" అని అడిగాను.

"యుద్ధమైంది. కలవడం సుఖాంతం అని ఎవడు చెప్పాడ్రా నీకు?"

ఆ పాఠం నాకు పరీక్షలో రాలేదు. సునామీ తర్వాత వచ్చింది.

ఆ ఆదివారం సంగతి మీకు నేను చెప్పేదేముంది. మీ మీ ఇళ్లలో ఎవరో ఒకరు చెప్పే ఉంటారు. భూమి ఊగింది, నీళ్లొచ్చాయి, పోయాయి. కానీ మా వైపు నేల కిందికి దిగిపోయింది. అది మాకు తర్వాత్తర్వాత తెలిసింది. పల్లంలో ఉన్న మా ఇరవై రెండు ఇళ్లూ నిలబడే ఉన్నాయి. రోజుకు రెండుసార్లు పోటు నీరు మాత్రం గుమ్మం దాటి లోపలికొచ్చి, పొయ్యి చూసి, మంచం కింద చూసి, అత్తగారిలా అన్నీ తడిమి వెళ్లేది. ఇళ్లు కూలినవాళ్లను అప్పటికే స్కూలు గ్రౌండులో రేకుల షెడ్లలో పెట్టి, పేర్లు రాసుకున్నారు. మాస్టారి ఇల్లు కూలింది, ఆయన అక్కడే. దాదా కూడా అక్కడే. మేం ఆలస్యంగా వెళ్తే "మీ ఇల్లు నిలబడే ఉంది కదా" అన్నారు. నిలబడే ఉంది, సముద్రంలో. గ్రౌండు పక్కన మురుగు కాలవ, దానికి అవతల ముళ్లచెట్లు. ముళ్లు కొట్టుకుని టార్పాలిన్లు కట్టుకున్నాం.

భయం ఎలా ఉండేదంటే, గిన్నె కదిలినా లేచి నిలబడేవాళ్లం. నేల ఊరికే వణికేది. మా ఆవిడకు ఏడో నెల. ఆమె పడుకుంటే పొట్ట మీద చెయ్యి పెట్టి చూసేవాణ్ణి: లోపల బిడ్డ కదిలిందా, కింద భూమి కదిలిందా అని.

భయం ఎక్కువైనప్పుడు నాకు వెధవ పనులు తోస్తాయి. ఒక విరిగిన తలుపు చెక్క మీద బోటు పెయింటుతో "కాలవవతల రిపబ్లిక్" అని తెలుగులోనూ హిందీలోనూ రాసి పాతాను. కాలవ మీద వేసిన కొబ్బరి మొద్దు దగ్గర తాడు కట్టాను. నేనే రాష్ట్రపతిని. లోపలికి రావాలంటే వీసా: ఒక బీడీ. జనం నవ్వారు. నవ్వి చాలా రోజులైంది పాపం.

మాస్టారు మూడో రోజు వచ్చారు. తాడు దగ్గర ఆగారు.

"నేను బీడీ కాల్చను కదరా, ప్రెసిడెంటూ."

"అయితే కుదరదు మాస్టారూ. రూల్ ఈజ్ రూల్."

జేబులోంచి చాక్‌పీసు తీసి నా చేతిలో పెట్టారు. తాడు కిందనుంచి వంగి లోపలికొచ్చి, ఒక్కో టార్పాలినూ చూశారు. మా ఆవిడ లేవబోతే వద్దన్నారు. తర్వాత నన్ను పక్కకు పిలిచారు. మొహంలో నవ్వు లేదు.

"మీ రాజ్యానికి మంచినీళ్లు ఎక్కణ్ణించి?"

"పక్క దేశం ట్యాంకీ నుంచి దొంగతనం మాస్టారూ."

"వచ్చే సోమవారం ఇళ్ల సర్వేకి వస్తున్నారు. క్యాంపు పుస్తకంలో ఉన్న షెడ్ల లైన్లే రాసుకుంటారు. నువ్వు ఏ పుస్తకంలోనూ లేవు. వేరే క్యాంపు అంటే వేరే ఫైలు. ఆ ఫైలు కలకత్తా తిరిగొచ్చేసరికి నీ కూతురు పెళ్లికొస్తుంది."

"కూతురని మీకెలా తెలుసు?"

"నీకు కొడుకు పుడితే ఈ ఊరు తట్టుకోలేదు గాని, విను. మా క్యాంపు మిమ్మల్ని కలుపుకోవాలి. సోమవారం లోపల."

అలా మొదలైంది రాజకీయం. క్యాంపు కమిటీలో మాస్టారితో కలిపి మనవాళ్లు ముగ్గురు, బెంగాలీలు ముగ్గురు. నీళ్లు ఎవరికి ముందు, బియ్యం ఎవరికి ముందు, రేపు పక్కా ఇళ్లొస్తే ఎవరికి ఏ వరస, అంతా ఆ ఆరుగురిదే. ఆ సమం మీదే క్యాంపు ప్రశాంతంగా ఉంది. మా ఇరవై రెండు ఇళ్లూ తెలుగు ఇళ్లు. కొత్త లైనుగా చేరితే ఇద్దరు సభ్యులు ఇవ్వాలి. అంటే ఐదు, మూడు.

దాదా దాపరికం లేకుండా అన్నాడు: "మాస్టర్‌జీ, ట్యాంకీ ఏక్. ఆద్మీ డబల్. ఔర్ కమిటీ మే సబ్ ఆప్ కా ఆద్మీ. హమ్ కిధర్ జాయేగా?" ట్యాంకు ఒకటే, కమిటీ అంతా మీవాళ్లైతే మేం ఎటు పోవాలని అతని గోడు. అతను చెడ్డవాడు కాదు. చిన్నప్పుడు ఒకసారి సొంతూరు నుంచి గెంటేస్తే వాళ్లింట్లోవాళ్లు అన్నీ వదులుకుని ఓడెక్కారు. మళ్లీ గెంటేస్తారన్న భయం అతనికి చేతివేళ్లలాగా శరీరంలోనే ఉంది.

కమిటీ ఒక మధ్యేమార్గం పంపింది. చేరొచ్చు, సభ్యులు ఉండరు, నీళ్ల లైన్లో ఎప్పుడూ ఆఖరు. రాష్ట్రపతిగా నేను తిప్పికొట్టాను. "అవసరమైతే హోప్‌టౌన్ క్యాంపుతో కలుస్తాం!" అన్నాను. హోప్‌టౌన్ వాళ్లకు మేం ఉన్నామని కూడా తెలియదు.

"ఇంగ్లాండు బెదిరింపు" అని మాస్టారు నవ్వారు. కానీ కమిటీతో మాత్రం గట్టిగా అన్నారు: "కలుపుకుంటే మనతో సమానంగా కలుపుకోవాలి. నోరు నొక్కి కలుపుకున్నది రాష్ట్రం కాదు, గోడౌను."

చివరికి ఓటు పెట్టారు. క్యాంపులో ఇంటికొక ఓటు. కాగితాలు వద్దు, సగంమందికి చదువు రాదు, రాసింది ఎవరు మార్చారో అని అనుమానాలు. చెప్పులే ఓట్లు. ఇది మాస్టారి ఆలోచన. స్కూలు స్టేజీ మీద చాక్‌పీసుతో గీత గీశారు. కలుపుకోవాలంటే చెప్పు కిటికీ వైపు, వద్దంటే మెట్ల వైపు. ఎడమ చెప్పు మాత్రమే, ఒకే ఇంటివాళ్లు రెండేసి పెట్టకుండా. ఆదివారం పొద్దున్నే పెట్టేసి ఎవరి పనికి వాళ్లు పోవాలి, పదింటికి పంచాయతీ ప్రధాన్ వచ్చి లెక్కపెడతారు. కాపలా లేదు. చెప్పుల లైనుకు ఎవరు కాపలా పెడతారు?

ఎనిమిదిన్నరకు నీళ్ల లారీ వచ్చింది. అందరూ బకెట్లతో అటు పరిగెత్తారు. నేను మా బకెట్ పట్టుకుని స్టేజీ మీదుగా వెళ్లాను. నీళ్ల కోసం కాదు. చూడకుండా ఉండలేకపోయాను. లెక్కపెట్టాను. మళ్లీ లెక్కపెట్టాను. వద్దనేవాళ్లు ఒక్కరు ఎక్కువ.

మెట్ల వైపు మొదటి వరసలో నీలం తాడు చెప్పు ఉంది.

నా కళ్లు నేను నమ్మలేదు. మా టార్పాలిన్లన్నీ తిరిగి, మా ఆవిడను లేవద్దని, సమానంగా కలుపుకోవాలని అన్న మనిషి! ఒళ్లు మండింది. దాని వెనకే ఒళ్లు చల్లబడింది. సోమవారం తర్వాత ఏంటి? ఆ ముళ్లలో కాన్పా? కాలి బొటనవేలు పట్టీలో దూర్చి ఒక్క తోపు తోశాను. చెప్పు గీత దాటింది. ఈ పనిలో నాకు చిన్నప్పటి చెయ్యి, అదే, కాలు ఉంది కదా. బకెట్ ఊపుకుంటూ వెళ్లిపోయాను.

పదింటికి ప్రధాన్ గారు లెక్కపెట్టి, ఒక్క చెప్పు తేడాతో కలుపుకోవడమే గెలిచిందన్నారు. కాలవ అవతల మావాళ్లు గిన్నెలు వాయించారు. దాదా మాత్రం స్టేజీ ఎక్కి, ఆ నీలం తాడు చెప్పు ముందు నిలబడ్డాడు.

"మాస్టర్‌జీ. ఏ ఆప్ కా హై నా?"

"నాదే."

"ఆప్ మేరేకో జబాన్ దియా థా. మై కిసీకో కుఛ్ నహీ బోలా. ఏక్ ఆద్మీకో భీ నహీ."

అప్పుడు తెలిసింది నాకు. వాళ్లిద్దరి మధ్య ఒక ఒప్పందం ఉంది. తెలుగు మాస్టారు తెలుగువాళ్లను కూడగట్టాడన్న మాట రాకుండా, మాస్టారు తన చెప్పు వద్దనే వైపు పెడతానని మాటిచ్చారు. బదులుగా దాదా తన వాళ్లలో ఎవరికీ ఇటు పెట్టు, అటు పెట్టు అని చెప్పకూడదు. దాదా చెప్పలేదు. అందుకే బెంగాలీ ఇళ్లలో కొన్ని మా వైపు వచ్చాయి. తన ఒక్క ఓటు పోయినా గెలుస్తామని మాస్టారి లెక్క. ఒక్క ఓటే తప్పింది ఆ లెక్క.

మాస్టారు చెప్పు వంక చూశారు. తర్వాత జనం మీదుగా నా వంక చూశారు. నేను బకెట్‌లోకి చూశాను. ఎవరో జరిపారు అని ఆయన ఒక్క మాట అంటే ప్రధాన్ ఓటు రద్దు చేసేవారు. సర్వే తెల్లారితే వస్తుంది. మళ్లీ ఓటుకు టైము లేదు. అనకపోతే, ముప్ఫై ఏళ్ల స్నేహితుడి ముందు ఆయన మాట తప్పినవాడు. ఆయన అబద్ధం ఆడగా విన్నవాళ్లు ఈ దీవుల్లో ఎవరైనా ఉంటే చేతులెత్తండి.

"నేనే మార్చాను దాదా" అన్నారు. "పెట్టాక మనసొప్పలేదు. మాఫ్ కర్నా."

దాదా తన రబ్బరు చెప్పు తీసుకుని, చేత్తో పట్టుకుని, ఒంటి కాలి చెప్పుతో మెట్లు దిగి వెళ్లిపోయాడు.

సోమవారం సర్వేలో కొత్త లైను అని ఇరవై రెండు పేర్లు ఎక్కాయి. రెండు నెలలు తిరిగాక రేకుల షెడ్డులో మాకు కూతురు పుట్టింది. మాస్టారు చాక్‌పీసుతో షెడ్డు తలుపు మీద "జనాభా: ఒకటి పెరిగింది" అని రాసి వెళ్లారు. కమిటీలోంచి మాత్రం ఆయన ఆ వారమే తప్పుకున్నారు. ఆ ఖాళీలో బెంగాలీ ఒకతన్ని తీసుకోమని ఆయనే అడిగారు. నాలుగు, నాలుగు. తూకం మళ్లీ సరిపోయింది. మనిషి సరిపోలేదు.

తర్వాత పక్కా ఇళ్లొచ్చాయి. మాస్టారి ఇంటికీ దాదా ఇంటికీ మధ్య రెండే గుమ్మాలు. ఇన్నేళ్లలో దాదా ఆయనకు నమస్తే చెప్పలేదు. ఫీనిక్స్ బేలో నీలం తాడు చెప్పు ముందే ఉంటే, దాదా తన చెప్పు తీసుకెళ్లి బాగా వెనక ఎక్కడో పెట్టేవాడు. మాస్టారు గట్టు మీద ఒక్కరే కూర్చునేవారు. టీ మాత్రం రెండు గ్లాసుల్లో పోయించుకునేవారు. రెండోది చల్లారాక దాన్నీ తనే తాగేవారు.

నేను చెప్పేద్దామని ఎన్నిసార్లు అనుకున్నానో. ఒకసారి బోటు మీద తాడు చుడుతూ ఆయన పక్కకు చేరాను.

"మాస్టారూ, ఆ చెప్పు..."

"మొన్నే మళ్లీ కుట్టాను. గట్టిగానే ఉంది" అన్నారు. గొంతు తగ్గించి, "నువ్వు ఇప్పుడు చెబితే మీ లైను మొత్తాన్ని దొంగ ఓటు లైనంటారు. పిల్లలు స్కూలుకెళ్తున్నారు. ఆగు" అన్నారు.

"ఎప్పటిదాకా?"

"నాకు సిగ్గు లేని రోజుదాకా."

ఆ రోజు ఏదో నాకు మొన్న ఆయన పోయేదాకా అర్థం కాలేదు.

శవం లేచేటప్పుడు దాదా వచ్చాడు. లోపలికి రాలేదు. గేటు బయట, చెప్పులు విప్పకుండా నిలబడ్డాడు. ఎనభై దాటిన మనిషి, కర్ర పట్టుకుని. మోసేవాళ్లలో నేనున్నాను. అతని పక్కనుంచి వెళ్తుంటే భుజం మీద బరువు ఎటు ఒరిగిందో నాకే తెలుసు.

పదకొండో రోజు దాదా పడవల షెడ్డుకి వెళ్లాను. ఒక పాత డింగీ పడవ పలకల సందుల్లో నీరు దూరకుండా దూది కూరుతున్నాడు. నిలబడి మొత్తం చెప్పాను. బకెట్ దగ్గర్నుంచి బొటనవేలిదాకా. అతను తల ఎత్తలేదు. ఉలితో దూది లోపలికి కొడుతూనే ఉన్నాడు. కొడతాడేమో నన్నే అనుకున్నాను. కొట్టినా బాగుండేది.

ఉలి ఆగింది.

"వో జాన్తా థా? తుమ్ కియా, ఏ జాన్తా థా?"

"ఆ రోజే తెలుసు దాదా."

"ఔర్ మై..." అన్నాడు. వేళ్లకు అంటుకున్న దూది ఒక్కో పోగూ తీసుకుంటూ, "జా" అన్నాడు. వచ్చేశాను.

ఇది చదివి మీరు నన్ను ఏమన్నా అనండి. మా లైనువాళ్లను అనకండి, వాళ్లెవరికీ తెలియదు. ఇళ్ల కాగితాలు తిరగదోడతారేమో అని మా ఆవిడ రెండు రోజులుగా అన్నం సరిగ్గా తినడం లేదు. నాకూ నిద్ర లేదు. మా అమ్మాయికి తెలుగు చదవడం సరిగ్గా రాదు, ఇది నేనే చదివి వినిపించాలి. తను ఎలా పుట్టిందో ఎక్కడ పుట్టిందో తెలుసు గాని, ఎవరి మాట ఖర్చుతో పుట్టిందో తెలియదు. ఏ వాక్యం దగ్గర నన్ను ఆపమంటుందో అని ఇప్పట్నించే బెంగ.

మొన్న నెలాఖరుకు ఫీనిక్స్ బేలో డ్యూటీ పడింది. కౌంటరు ఇంకా తెరవలేదు. లైన్లో చెప్పులున్నాయి. మధ్యలో దాదా రబ్బరు చెప్పు. దానికి ముందు ఒక చెప్పు పట్టేంత ఖాళీ. వెనకున్న ఒకతను తన చెప్పుతో పాటు దాదా చెప్పును కూడా ముందుకు నెట్టి ఆ ఖాళీ పూడ్చబోయాడు. గట్టు మీదనుంచి కర్ర లేచింది.

"ఏయ్! ఛోడో. ఉధర్ ఆద్మీ హై."

అక్కడ మనిషెవరున్నారా అన్నట్టు అతను ఆ ఖాళీ వంక తికమకగా చూసి, వెనక్కి జరిగాడు. దాదా కర్ర దించి గట్టు మీద మళ్లీ సర్దుకున్నాడు. అతని పక్కన రెండు టీ గ్లాసులు ఉన్నాయి. రెండింట్లోంచీ ఆవిరి వస్తోంది.